టారిన్ వీధి దాటే నిమిషం

రిమోట్ నా చేతిసంచిలో ఉంది, ఇవ్వను. ఎవరడిగినా ఇవ్వను. ఎదుటి కుర్చీలో ఉన్న గార్త్ అనే పెద్దమనిషి, భార్యకు మోకాలి ఆపరేషన్ట, బేస్‌బాల్ ఆట మొదలైపోయిందని ఇప్పటికి రెండుసార్లు గదంతా వెతికాడు, కుర్చీల కింద వంగి మరీ చూశాడు, పాపం నడుం పట్టుకుని లేచాడు, అయినా ఇవ్వను. గోడ గడియారం ఒంటిగంటా అయిదు చూపిస్తోంది. టారిన్‌ను ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్ళి ఇరవై అయిదు నిమిషాలు. నా కూతురు. ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. మెడలో, గొంతుకి కాస్త పక్కగా, చెర్రీ పండంత గడ్డ. తీసి పరీక్షకు పంపితేగాని అదేమిటో చెప్పలేమన్నారు. ఆ గడ్డ పక్కనుంచే దారప్పోగులాంటి నరం ఒకటి పోతుందట, మనిషి మాట దాని మీదే ఆధారపడి ఉంటుందట, దానికేమైనా అయితే గొంతు పోవచ్చునట, నూటికి ఒకరికో ఇద్దరికో. ఆ మాట డాక్టరు ఎంత తేలిగ్గా అందో! నూటికి ఒకరు అంటే ఎవరో ఊరూ పేరూ లేని మనిషి అనుకుంటారు అందరూ. నాకు మాత్రం ఆ ఒకరి మొహం, చెప్పుల సైజుతో సహా కళ్ళ ముందు కనిపిస్తుంది. బయట జూలై ఎండ కార్ల అద్దాల మీద భగభగలాడుతోంది. గదిలో అందరూ పొట్టి లాగులు, చేతుల్లేని చొక్కాలు. గోడ మూల టీవీలో మాత్రం మంచు కురుస్తోంది, ఎర్ర టోపీ పెట్టుకున్న నగరం పిల్ల ఒకతి చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ చిన్న ఊళ్ళో బస్సు దిగుతోంది.

ఆ చానెల్ వాళ్ళు జూలైలో రెండు వారాలు క్రిస్మస్ సినిమాలే వేస్తారు, పొద్దున్నుంచి రాత్రిదాకా, వేడికి మాడిపోయే జనానికి కాస్త చల్లగా ఉంటుందనో ఏమో. ఏటా ఆ రెండు వారాలూ మేమిద్దరం, తల్లీకూతుళ్ళం, ఫాను కింద సోఫాలో కూర్చుని మంచుగడ్డలు వేసిన టీ తాగుతూ చూస్తాం. చూడడం ఊరికే కాదు. టారిన్ ఒక కాగితం మీద అడ్డం అయిదు, నిలువు అయిదు గడులు గీస్తుంది. ఒక్కో గడిలో ఒక్కో సంగతి రాస్తుంది. కుకీలు మాడిపోయాయి. చచ్చిపోయిన అమ్మమ్మ చేతిరాత వంటపుస్తకం దొరికింది. ముద్దు పెట్టుకోబోతుంటే ఎవరో తలుపు తీశారు. నగరంలో ఉన్న ప్రియుడి ఫోన్ వచ్చింది. గళ్ళ చొక్కావాడు కట్టెలు కొట్టాడు. అది సినిమాలో జరగ్గానే గడిలో టిక్కు. ఇవాళ పొద్దున కూడా ఆసుపత్రి గౌను వేసుకుని, చేతికి సూది గుచ్చి ఉండగానే, మంచం మీద కూర్చుని గీసింది. సరిగ్గా మధ్య గడిలో ఎప్పుడూ ఒకటే రాస్తుంది: అమ్మ ఏడ్చేసింది. ఆ గడి నిండని సినిమా మా ఇంట్లో ఇంతవరకూ లేదు. "అమ్మా, ఈసారి మధ్యది ఖాళీగా ఉండాలి," అంది కార్డు నా చేతిలో పెడుతూ. "మిగతా ఇరవై నాలుగూ నింపు. లేవగానే చూస్తాను. మోసం చెయ్యకు, నాకు తెలిసిపోతుంది." నవ్వింది. ఆ నవ్వులో గొంతు ఉంది కదా, దాన్ని ఎక్కడైనా పట్టి దాచుకోవాలనిపించింది, సీసాలో జామ్ పట్టినట్టు.

పక్కన వదిన ఉంది. నా ఆడపడుచు వెర్నా, మా ఆయన అక్క, ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో పుస్తకాలు చూసుకున్న మనిషి, నేను పదో తరగతితో ఆపేసినదాన్నని ఏనాడూ నోటితో అనలేదుగాని కళ్ళతో అన్నది. బహుమతి వచ్చిన లావుపాటి నవల ఒళ్ళో పెట్టుకుని, పేజీ తిప్పకుండా, కళ్ళజోడు మీదుగా టీవీ వైపు చూస్తోంది. "ఎలా చూస్తావే ఇవి? అన్నీ ఒకటే కథ. పట్నం నుంచి ఉద్యోగం పిల్ల వస్తుంది, పల్లెలో చెట్లమ్ముకునేవాడు తగులుతాడు, ఒక బేకరీ మూతపడబోతుంది. ఆఖర్న ముద్దు. ఆ ముద్దు కూడా సినిమా అయిపోవడానికి రెండు నిమిషాల ముందు." "రెండు కాదు వదినా, నాలుగు," అన్నాను. "చివరి రెండింటిలో మంచు పడుతుంది." "తెలిసీ చూస్తావన్నమాట." తెలిసే చూస్తాను! ఇన్నేళ్ళుగా అందరూ ఇదే మాట నా మొహాన కొడతారు, నేనేదో తప్పుచేస్తూ దొరికిపోయినట్టు. చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ అదే పశువుల పాక, అదే బిడ్డ, అదే నక్షత్రం, ఆ ముగ్గురు జ్ఞానులూ ఒక్క ఏడాదైనా దారి తప్పారా? ఈసారి ఏమవుతుందో చూద్దామని ఎవరైనా వెళతారా? మా అత్తగారి షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు యాభై ఏళ్ళు ఒకటే రుచి, అందులో కొత్తదనం లేదని వదిన ఏనాడూ పళ్ళెం పక్కకి నెట్టలేదు. ఒక పెళ్ళి, ఒక ముద్దు, ఒక వెలిగే చెట్టు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునే కథ అయ్యేసరికి మాత్రం కొత్తదనం కావలసి వస్తుంది అందరికీ. ఇవన్నీ లోపలే అనుకున్నాను. బయటికి మాత్రం, "నీ పుస్తకంలో ఏమవుతుంది వదినా?" అన్నాను. "అందరూ చచ్చిపోతారు," అంది ఆవిడ. "అదీ తెలిసిందేగా మరి," అన్నాను.

ఒంటిగంటా నలభై. కుకీలు మాడాయి, టిక్కు. కట్టెలు కొట్టాడు, టిక్కు. లోపల ఇప్పుడు ఏం చేస్తుంటారో. అద్దాలు పెట్టుకుని చూస్తారట ఆ నరాన్ని, అయినా చెయ్యి వణకదా, తుమ్ము రాదా, ఆ డాక్టరు పొద్దున్నే ఏం తిన్నదో, నిన్న నిద్రపోయిందో లేదో, ఇంట్లో మొగుడితో గొడవపడి వచ్చిందేమో. గంటన్నర పని అన్నారు. త్వరగా తలుపు తెరుచుకుంటే ఏదో ముంచుకొచ్చినట్టు, ఆలస్యమైతే మరేదో ముంచుకొచ్చినట్టు. నా బతుకంతా ఇలాగే గడిచింది. టారిన్ పుట్టిన దగ్గర్నుంచి కాపలాయే. సరస్సు మీద గడ్డకట్టిన మంచు పలచబడిందేమోనని గొడ్డలి పట్టుకుని వెళ్ళి చూసి వచ్చేదాన్ని. బస్సు బ్రేకులు, కరెంటు తీగలు, ద్రాక్షపళ్ళు గొంతుకడ్డం పడడం, ఎలుగుబంట్లు, మగపిల్లలు, అన్నిటికీ కాపలా కాశాను. మెడకి మాత్రం కాయలేదు. ఆ గడ్డని చూసింది నేను కాదు, జుట్టు కత్తిరించే అమ్మాయి. అద్దంలోంచి చూసి, ఇదేమిటి ఇక్కడ ఉబ్బెత్తుగా, అందట. రోజూ బల్లకి ఎదురుగా కూర్చుని అన్నం తినే దాని మెడ, నేను చూడలేదు. మా ఆయన రస్ సంగతీ అంతే. ఆఖరిరోజున కారు నడిపేటప్పుడు నిద్రపోతాడేమోనని నా భయం, ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చాను. కారుకి ఏమీ కాలేదు. పక్కింటివాళ్ళ పడవరేవుకి పలకలు బిగిస్తూ, సుత్తి చేతిలో ఉండగానే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. మంగళవారం. టీ సగం తాగిన కప్పు వంటింట్లో ఉంది. ఆ ముగింపు నేను ఊహించలేకపోయాను. ముందే తెలియని ముగింపులు ఎంత గొప్పవో చెబుతుంది వదిన. నాకు తెలుసు అవి ఎలా ఉంటాయో, చాలు, ఇంక వద్దు. నా దగ్గర రెండు గంటలున్నాయి, ఆ రెండు గంటల్లో ఎవరూ పడవరేవు మీద ఒరిగిపోరు. అది నాకు కావాలి. ఎందుకు కావాలని ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

పైగా ఇది ఏదో ఒక సినిమా కాదు. మా ఊళ్ళో తీసిన సినిమా. హారోబీలో, మూడేళ్ళ కిందట, ఇలాంటి జూలైలోనే. పొద్దున రాగానే చానెల్ తిప్పుతుంటే, ఒంటిగంటకి ఇది ఉందని కింద అక్షరాలు నడిచాయి, అప్పుడే రిమోట్ సంచిలోకి పోయింది. పదిహేను రోజుల్లో తీసేశారు మొత్తం. కెనడాలో ఉన్న మా ఒంటారియో ఊరు అమెరికా ఊరైపోయింది. ఎర్ర పోస్టు డబ్బా మీద గోతాం కప్పి పక్కన నీలం డబ్బా పెట్టారు, మేపుల్ ఆకు జెండాలు దింపి చుక్కల జెండాలు ఎక్కించారు, మందుల షాపు బేకరీ అయింది. సబ్బు నురుగు గొట్టాలతో చిమ్మి, తెల్ల దుప్పట్లు పరిచి, కాగితం ముక్కలు ఫాన్లతో ఎగరేసి మంచు చేశారు. ఊరివాళ్ళని పిలిచి ఉన్ని కోట్లు, టోపీలు, మఫ్లర్లు వేసి వీధిలో నడిపించారు. టారిన్ వెళతానంది. నేను వద్దన్నాను. ముప్ఫై నాలుగు డిగ్రీల ఎండలో ఉన్ని కోటు! వడదెబ్బ తగిలి చచ్చిపోయినవాళ్ళ సంగతులు ఎన్ని విన్నానో అన్నీ చెప్పాను. నా కోటే తీసుకుని పోయింది, ఆకుపచ్చది, చర్చికి వేసుకునేది. దాని పని ఏమిటంటే, కథానాయకుడు చివర్లో ఆ పిల్ల కోసం పరిగెడుతుంటే వెనకాల, రంగు కాగితాలు చుట్టిన ఖాళీ పెట్టెలు గడ్డం దాకా పేర్చి పట్టుకుని, వీధికి ఈ పక్కనుంచి ఆ పక్కకి దాటడం. అంతే. అదొక్కటీ పదిహేడుసార్లు దాటించారు.

తాడు ఇవతల జనంలో నిలబడి లెక్కపెట్టింది నేనే. పన్నెండోసారి దాని మొహం కందగడ్డలా అయింది. పదమూడోసారి కాలు తడబడింది, నాకు స్పష్టంగా కనిపించింది. పదిహేడోసారికి ఇంక నావల్ల కాలేదు. నీళ్ళ సీసా పట్టుకుని తాడు కింద నుంచి దూరి, నురుగు మంచులో చెప్పులు జారుతుంటే, చేతుల్లేని పూల గౌనుతో అటువైపుకి పరిగెత్తాను. కెమెరా తిరుగుతోందని నాకేం తెలుసు? "కట్! ఆ పూలగౌనావిడ ఎవరు? నడి శీతాకాలంలో ఆ గౌనేమిటి?" అని టోపీవాడెవడో మైకులో అరిచాడు. వీధి వీధంతా నవ్వింది. టారిన్ పెట్టెల వెనకనుంచి, "అమ్మా!" అంది పళ్ళు బిగించి. మళ్ళీ తీసే టైము లేకనో, అలిసిపోయో, అదే ఉంచేశారు. చూసుకోలేదేమో, చూసినా ఎవరు చూస్తారులే అనుకున్నారేమో. కాని చూసేవాళ్ళు చూస్తారు. ఇలాంటి సినిమాలు చూసేవాళ్ళు ఏదీ వదలరు. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో కనిపెట్టి, ఈ మంచులో చలివెయ్యని ఈవిడ ఎవరని నవ్వుకున్నారట. ఊళ్ళో ఇప్పటికీ, జనవరిలో నేను కోటు లేకుండా చెత్తబుట్ట బయటపెట్టడానికి వచ్చినా సరే, "నోరీన్, షూటింగా?" అంటారు. అనుకోనీ. మూడేళ్ళలో ఆ సినిమా ముప్ఫైసార్లైనా చూసి ఉంటాను. ప్రతిసారీ మొదలైన గంటా నలభై ఆరో నిమిషానికి, ప్రకటనలతో కలిపి, టారిన్ వీధి దాటుతుంది; ఇవాళైతే రెండూ నలభై ఆరుకి. ముప్ఫైసార్లూ దాటింది. ఒక్కసారీ జారలేదు, ఏ కారూ రాలేదు. ఈ మధ్య రెండు నెలలుగా మాత్రం చూసినప్పుడల్లా దాని మెడకి చుట్టిన ఎర్ర మఫ్లరు దగ్గరే నా చూపు ఆగిపోతోంది. అప్పటికే ఉందా ఆ గడ్డ, ఆ ఉన్ని కింద, గోధుమ గింజంత? ఏళ్ళ తరబడి పెరిగి ఉండొచ్చన్నారు. ఎండ గురించి భయపడ్డాను నేను. ఎండ గురించి!

రెండూ ఇరవై. తప్పుగా అర్థం చేసుకునే ఘట్టం వచ్చింది. నగరం ప్రియుడి ఫోన్ వచ్చింది, గళ్ళ చొక్కావాడు తలుపు చాటున సగం విన్నాడు, మిగతా సగం వింటే సరిపోయేది, వినడు. టారిన్ ఉంటే ఇక్కడ వాళ్ళకంటే ముందే చెప్పేస్తుంది మాటలు. అదొక ఆట దానికి. మగాడి గొంతూ, ఆడదాని గొంతూ, ఊరి మేయరు గొంతూ, అన్నీ అదే. "నువ్వెప్పటికీ ఇక్కడి మనిషివి కాలేవు" అని దీర్ఘం తీసి, సోఫా మీద పడి గుండె పట్టుకుంటుంది. అదే గొంతు చలికాలం తెల్లవారకముందే స్కూలు బస్సుల ఆఫీసులో కూర్చుని డ్రైవర్లకి చెబుతుంది, ఏడో నంబరు, కొండదారి మూసేశారు, మిల్లు పక్కనుంచి రండి, అని. నలభై మూడు బస్సులు, ఆ గొంతు ఒక్కటి. వంటింట్లో, ఆ బస్సుల మాటలు పట్టే రేడియోలో నేను వింటూ ఉంటాను. పిల్లలందరూ బడి చేరారని అది చెప్పేదాకా నాకు కాఫీ దిగదు. ఆ గొంతు చెప్పేదంతా రేపట్నుంచి కాగితం మీద రాసి చూపించాల్సి వస్తే? ఇప్పుడు టీవీలో ఆ మాటలొస్తున్నాయి, శబ్దం బాగా తగ్గించారు, నేనే పెదవులు కదిపాను, నువ్వెప్పటికీ, అని, ఆ దీర్ఘం నాకు రాలేదు. మధ్య గడి కేసి చూశాను. లేదు. ఏడవను. చెప్పింది కదా. కళ్ళు పెద్దవి చేసి పైకప్పు చూశాను. "అసలు ఆ వెధవ," అంది ఎదుటి కుర్చీలోంచి గొంతు, ఉలిక్కిపడ్డాను, గార్త్! "ఆ పిల్లని ఒక్కమాట అడిగితే ఏం పోయింది వాడికి? తొందర మనిషి." "అడగరండీ," అంది వదిన, నవల మూసేసి. "అడిగితే గంటలో అయిపోతుంది, మిగతా గంట ప్రకటనలు ఎక్కడ వేసుకుంటారు?" "అయితే చివరికి దొరుకుతుందా వాడికి?" "నోరీన్‌ని అడగండి. ఆవిడకి నిమిషాలతో సహా తెలుసు." ఎత్తిపొడుపే, కాని ఆ ఎత్తిపొడుపుతోపాటే వదిన చెయ్యి నా మోకాలి మీద పడింది, తీసుకోలేదు.

రెండూ నలభై నాలుగు. ప్రకటన అయిపోయింది. గంట కొట్టారు ఊరి కూడలిలో, వాడికి నిజం తెలిసింది, గడప దాటాడు, ఇప్పుడు పరిగెడతాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది. డాక్టరు లెవెక్, నీలం బట్టలు, మెడలో వేలాడే మాస్కు. "నోరీన్ గారూ," అంది. వదిన దిగ్గున లేచింది, నవల కింద పడింది. ఆవిడ మొహం చదవబోయాను, అలవాటు కొద్దీ, కనుబొమలు, పెదవుల చివర్లు, చేతులు ఎలా కట్టుకుంది, అన్నీ. చదవబోయి ఆగిపోయాను. జీవితమంతా చెడ్డ కబురు ఇంకా వీధి మలుపులో ఉండగానే పరిగెత్తుకుంటూ ఎదురెళ్ళి, చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టినదాన్ని నేను. ఇవాళ వెళ్ళను. మంచి కబురో చెడ్డ కబురో, ఏదైనా సరే, నా పిల్ల వీధి దాటేదాకా గుమ్మంలో నిలబడాలి. చెయ్యెత్తాను, అరచెయ్యి అడ్డం పెట్టి, బస్సుల్ని ఆపినట్టు. "రెండు నిమిషాలు ఆగండి డాక్టరుగారూ."

"నోరీన్! మతి పోయిందా నీకు?"

"పోయింది వదినా. కూర్చో."

డాక్టరు నా వైపు చూసింది, నేను చూస్తున్న వైపు చూసింది, గార్త్ పక్క కుర్చీలో నెమ్మదిగా కూర్చుంది. తెరమీద వాడు పరిగెడుతున్నాడు, వాడినెవరు చూశారు. వాడి భుజం వెనక, మందుల షాపు బేకరీ దగ్గర్నుంచి, నా ఆకుపచ్చ కోటు వచ్చింది. గడ్డం దాకా పెట్టెలు. ఎర్ర మఫ్లరు. కాగితపు మంచు దాని జుట్టు మీద పడుతోంది. ఒకటి, రెండు, మూడు. పదమూడోసారి తడబడిన కాలు పదిహేడోసారికి తడబడలేదు. ఎనిమిది, తొమ్మిది. పదకొండు అడుగులు. తెరకి కుడి అంచున, రెప్పపాటు, పూల గౌనులో ఒక లావుపాటావిడ, చేతిలో నీళ్ళ సీసా, మంచులో చలివెయ్యని మనిషి. ముప్ఫైసార్లు చూసి కూడా గమనించలేదు నేను, సిగ్గుతో నా గౌను చూసుకున్నానేగాని ఇది చూడలేదు. టారిన్ నడుస్తున్నది ఆవిడ వైపే. దాటింది.

"ఇప్పుడు చెప్పండి," అన్నాను.

"ఆ పెట్టెల అమ్మాయి," అంది డాక్టరు తెరవైపు వేలు చూపిస్తూ, "టారినేనా?"

"టారినే."

"ఆవిడ పది నిమిషాల కిందట లేచింది. నరం బాగానే ఉంది. గొంతు చూద్దామని, ఏదో ఒకటి మాట్లాడమన్నాను. అందరూ పేరు చెబుతారు, లేకపోతే నీళ్ళడుగుతారు. ఈవిడ, ముద్దు అయిపోయిందా, అనడిగింది నన్ను." డాక్టరు మొహంలో అలసట మీదుగా నవ్వొచ్చింది. "బొంగురుగా ఉంది, కొన్ని వారాలు అలాగే ఉంటుంది. కాని మాట ఉంది. గడ్డ మాత్రం పరీక్షకి పంపాం. పది రోజులు పడుతుంది, అంతవరకూ నేనేమీ చెప్పలేను."

పది రోజులు. సినిమాల్లో పది రోజులుండవు. చూద్దాం, మరి, ఆ చానెల్లో క్రిస్మస్‌కి ఇంకా పదకొండు రోజులున్నాయి. వదిన కళ్ళజోడు తీసి, గౌను అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసింది. "అచ్చం ఆ సినిమాల్లోలాగే మాట్లాడిందే ఇది," అంది. "అయితే ఏం వదినా?" అన్నాను. సంచిలోంచి రిమోట్ తీసి గార్త్ ముందు పెట్టాను. ఆయన దాని వైపైనా చూడలేదు. "ఉండండమ్మా," అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "ముద్దు కానివ్వండి." అయింది. నాలుగు నిమిషాల ముందు, అనుకున్న చోటే. మంచు మొదలైంది. కార్డు మీద ఇరవై మూడో, ఇరవై నాలుగో గడులు నింపాను. అంతా కలిసి ఒకే పెద్ద తెల్లటి మసకగా కనబడుతోంది కాగితం, అయినా మధ్య గడి ఎక్కడుందో తెలియడానికి నాకు చూడక్కర్లేదు. మోసం చెయ్యొద్దంది కదా. టిక్కు పెట్టి, డాక్టరు వెనక నడిచాను.